తొడుగు చెప్పని మాట



నేడు నేను మాటలాడబోవు వస్తువు మీ అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది. 18 మిల్లీమీటర్ల వ్యాసమును, 65 మిల్లీమీటర్ల పొడవును, 45 గ్రాములకు కొంచెము మించిన బరువును గలిగి, ఏదో ఒక రంగు ప్లాస్టిక్ తొడుగు తొడిగించుకొని, మనము గోడగడియారములలోను టార్చిలైట్లలోను వేయు మామూలు సెల్లునకు అన్నవలె కనబడు ఈ ఉక్కు గొట్టమును వ్యాపారులు 18650 అని పిలుతురు. ఆ సంఖ్యలో మొదటి రెండంకెలు వ్యాసమును, తరువాతి రెండంకెలు పొడవును, చివరి సున్న గుండ్రని ఆకారమును తెలుపును. ఇది మరల మరల చార్జి చేసికొనదగిన లిథియం అయాన్ ఘటము. లాప్‌టాప్ కడుపులోను, పవర్‌బ్యాంకులోను, విద్యుత్ స్కూటరు పీఠము క్రిందను దీనిని గాని దీని తోబుట్టువులను గాని చూడవచ్చును. అమెరికాలోను ఐరోపాలోను ఈ-సిగరెట్టు పీల్చువారిలో కొందరు, ఆ అలవాటునకు వేపింగ్ అని పేరు, ఈ ఘటమును విడిగా కొని, తమ పరికరమున వేసికొని, ముఖమునకు జేనెడు దూరమున పట్టుకొని, మీట నొక్కుదురు. ముఖమునకు అంత సమీపమున నుండు వస్తువును ఎట్లు పరీక్షింపవలెను, దానినిగూర్చి ఎవరి మాట నమ్మవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

మన దేశమున 2019 సెప్టెంబరులో వెలువడిన ఆర్డినెన్సును, అదే సంవత్సరాంతమున పార్లమెంటు చేసిన చట్టమును ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిలువను, ప్రకటనను నిషేధించినవి. కనుక ఆ అలవాటును నేర్పుటకుగాని సమర్థించుటకుగాని నేను రాలేదు. అయితే సామాన్య గృహస్థులలో ఈ ఘటమును వేపింగ్ చేయువారివలె నిర్దయగా పనిచేయించినవారు అరుదు. అందువలననే ఈ ఘటపరీక్ష యను విద్య కర్మాగారపు గోడలు దాటి అక్కడి సామాన్యుల బల్లలమీదికి వచ్చినది. ఆ విద్యలో మనకు పనికివచ్చు సారము చాల కలదు.

ఈ ఘటపు పుట్టుకయే ఒక పరీక్షతో ముడివడియున్నది. లిథియము మిక్కిలి తేలికైన లోహము. తన ఎలక్ట్రానును విడనాడుటకు సర్వదా సంసిద్ధముగా నుండునది. అందుచేతనే బ్యాటరీలకు అంతగా తగినది, అందుచేతనే అంత ప్రమాదకరమైనది. 1970 దశకమున స్టాన్లీ విట్టింగ్‌హామ్ శుద్ధ లిథియము ఋణధ్రువముగా గల ఘటమును చేసినాడు. 1980లో ఆక్స్‌ఫర్డున జాన్ గుడినఫ్ కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా నిలిపినాడు. జపానులో అకీరా యోషినో 1985లో శుద్ధ లోహమును పూర్తిగా తొలగించి, లిథియము అయానులు వచ్చి ఒదిగియుండుటకు కర్బన పదార్థమును అమర్చినాడు. ఆ మరుసటి యేడు ఆయన తన ఘటమును ప్రేలుడు పదార్థములను పరీక్షించు స్థలమునకు తీసికొనిపోయి, దానిపై పెద్ద ఇనుపముద్దను పడవేయించెను. ఏమియు జరుగలేదు. అదే విధముగా శుద్ధ లిథియము గల ఘటముపై పడవేయగా అది భయంకరముగా ప్రేలిపోయినది. లిథియం అయాన్ బ్యాటరీ జన్మించినది ఆ క్షణముననే అని యోషినో తరువాత చెప్పుకొన్నాడు. 1991లో అది అంగడికి వచ్చినది. 2019లో ఆ ముగ్గురకును రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. వస్తువు తయారైన నాడు గాక, పరీక్షకు నిలిచిన నాడే పుట్టినదని దాని జనకుడే తలచుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

ఈ గొట్టము లోపల నేమున్నది? అల్యూమినియం రేకుపై పూసిన ధనధ్రువ పదార్థము ఒక పొర. రాగిరేకుపై పూసిన గ్రాఫైటు మరియొక పొర. ఆ రెంటిని అంటుకొననీయక నడుమ నిలుచు, మిల్లీమీటరులో ఏబదవ వంతు మాత్రమే మందముగల సన్నని ప్లాస్టిక్ తెర. ఈ మూటిని చాప చుట్టినట్లు చుట్టి గొట్టములో దూర్చి, తేలికగా మండు స్వభావముగల సేంద్రియ ద్రావకముతో తడిపియుంతురు. 3000 మిల్లీఆంపియర్-గంటల ఘటమున నిండియున్న విద్యుచ్ఛక్తి ఒక లీటరు నీటిని సుమారు 9 డిగ్రీలు వేడిచేయజాలును. ఆ శక్తి గంటలకొలది మెల్లమెల్లగా వెలువడినంతకాలము దానివంటి విధేయ సేవకుడు లేడు. ఏ కారణముచేతనైనను అది యంతయు క్షణములలో లోలోపలనే విడుదలయైనచో, ఆ గొట్టము తన్ను తానే వేడిచేసికొనును. 100 డిగ్రీలకు అటునిటుగా గ్రాఫైటుమీది రక్షక పొర విచ్ఛిన్నమగుచు మరికొంత వేడిని పుట్టించును. 130 డిగ్రీల చెంత పాలిథీన్ తెర కరగును. తెర కరగిన ధ్రువములు కలిసికొనును. 200 డిగ్రీల ప్రాంతమున ధనధ్రువ పదార్థము ప్రాణవాయువును విడుచును. ఇంధనమును, అగ్నియు, ప్రాణవాయువును ఒకే గొట్టములో నుండగా బయటి గాలిని ఆపి దానిని ఆర్పుట యెట్లు? వేడియే వేడిని పెంచు ఈ దశను శాస్త్రజ్ఞులు థర్మల్ రన్‌అవే అందురు. కళ్లెము తెంచుకొన్న గుఱ్ఱము దానికి సరియైన పోలిక.

ఇక వేపింగ్ చేయువాడు దీనినుండి ఏమి కోరును? చిన్న తీగచుట్టను ఎఱ్ఱగా కాల్చి, దానిపైనున్న ద్రవమును రెండు మూడు క్షణములలో ఆవిరి చేయవలెను. ఏ నియంత్రణ యంత్రాంగమును లేక, మీట నొక్కగానే ఘటమును తీగచుట్టకు సూటిగా కలుపు పరికరములు కలవు. పూర్తిగా చార్జియైన ఘటపు వోల్టేజి 4.2. తీగచుట్ట నిరోధము ఓములో అయిదవ వంతు, అనగా 0.2 అయినచో, ఓమ్ నియమము ప్రకారము ప్రవహించునది 21 ఆంపియర్లు. చేతి టార్చి కోరునది ఒకటి రెండు ఆంపియర్లు మాత్రమే. నియంత్రణ గల పరికరములలో లెక్క వేరు. అచ్చట తీగచుట్ట నిరోధముతో పనిలేదు, కోరిన వాట్లతోనే పని. 80 వాట్లు కోరినపుడు, ఘటము దాదాపు ఖాళీయై వోల్టేజి 3.2కు దిగియుండగా, యంత్రములో పదవవంతు వృథాయగునని తీసికొన్నచో, ఆ యొక్క ఘటము ఇచ్చుకొనవలసినది సుమారు 28 ఆంపియర్లు. ఘటము నీరసించినకొలది దానిమీది భారము పెరుగును. ఈ సంగతి చాలమంది ఎరుగరు. నిండు ఘటమే ఎక్కువ శ్రమపడునని తలతురు.

ఆ శ్రమ వేడిరూపమున కనబడును. ఘటపు అంతర్నిరోధము 20 మిల్లీ ఓములును, ప్రవాహము 20 ఆంపియర్లును అయినచో, లోపల పుట్టు వేడి 8 వాట్లు. ఎనిమిదే గదా యని తేలికగా తీసివేయరాదు. చుట్టును మూసియున్న 45 గ్రాముల వస్తువున అంత వేడి నిమిషమునకు పది డిగ్రీలకు తక్కువ గాకుండ ఉష్ణోగ్రతను పెంచగలదు.

కావున ఏ ఘటము ఎన్ని ఆంపియర్లను ఆపకుండ, అపాయము లేకుండ ఇయ్యగలదు అనునదే మూలప్రశ్న. దానికి సమాధానము తొడుగుమీద ముద్రించియే యుండును. ఆ ముద్రను నమ్మవచ్చునా?

మన న్యాయదర్శన పండితులగు నైయాయికులు జ్ఞానమునకు ప్రమాణములను విచారించుచు, శబ్దమును, అనగా ఒకరు చెప్పిన మాటను కూడ ప్రమాణముగా అంగీకరించిరి. కాని ఆ మాట ఆప్తుడు చెప్పినదై యుండవలెనని కట్టడి చేసిరి. విషయమును ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడు ఆప్తుడు. ఘటమును నిజముగా తయారుచేయు పెద్ద కర్మాగారములు లోకమున కొన్నియే యున్నవి. వారు ప్రకటించు వివరపత్రములు చాలవరకు ఆప్తవాక్యములే. కాని వారి ఘటములనే, కొన్నిసార్లు వారి తనిఖీలో నిలువక తక్కువ తరగతిగా తీసివేయబడిన వానిని, మరికొన్నిసార్లు పాత లాప్‌టాప్‌లనుండి ఊడదీసిన వానిని కొని, పాత తొడుగు ఒలిచి, వేడిగాలికి ముడుచుకొని అతుక్కొను క్రొత్త తొడుగు తొడిగి, తమకు తోచిన పేరును, తమకు తోచిన అంకెను వేసి అమ్మువారు అనేకులు. ఆ తొడుగుపై 40 ఆంపియర్లని యుండును. దానిని చెప్పినవాడు కొలిచి చెప్పలేదు.

ఇచ్చట పదార్థధర్మమొకటి మనకు అనుమానప్రమాణముగా, అనగా హేతువునుబట్టి ఊహించి తేల్చుటకు ఆధారముగా, తోడ్పడును. గొట్టము పరిమాణము స్థిరము. అందు ధ్రువ పదార్థమును మందముగా పూసినచో నిలువ పెరుగును, కాని అయానుల దారి దూరమై నిరోధము హెచ్చును. పలుచగా పూసి రేకును పొడిగించినచో ప్రవాహము హెచ్చును, నిలువ తగ్గును. శామ్‌సంగ్ వారి 25ఆర్ అను ఘటము 2500 మిల్లీఆంపియర్-గంటల నిలువతో 20 ఆంపియర్ల నిచ్చును. పానసోనిక్ వారి ప్రసిద్ధమైన ఒక ఘటము 3400 వరకు నిలువ యుంచుకొని 5 ఆంపియర్లకు దగ్గరనే ఆగిపోవును. రెండును గొప్ప ఘటములే. ఎద్దుబండి మోయు బరువును జట్కా పరుగెత్తు వేగమును ఒకే బండిలో కావలెనని అడుగరాదు గదా! ఈ పరిమాణపు ఘటమున 3500కు ఎంతయో మించిన నిలువ యున్నదని ఏ తొడుగైనను చెప్పినచో, కొలువకయే దానిని త్రోసివేయవచ్చును.

అయినను స్వయముగా చూచి తెలిసికొను ప్రత్యక్షము ప్రత్యక్షమే. నేను చాలకాలము భౌతికశాస్త్రము బోధించిన వాడను. విశ్రాంతి తీసికొన్న పిమ్మట ఇంటనే చిన్న ప్రయోగశాల యొకటి అమర్చుకొన్నాను. ఆ మధ్య హైదరాబాదు కోఠిలో ఎలక్ట్రానిక్ సామగ్రి అమ్ము సందులో ఒక ఘటము నా కంటబడినది. నల్లని తొడుగుపై బంగారు అక్షరములతో 9800 మిల్లీఆంపియర్-గంటలని యున్నది. టార్చిలైటునకు తీసికొనుడని అమ్మువాడు చెప్పినాడు. దానిని కొని తెచ్చితిని, అమెరికాలోని స్వతంత్ర పరీక్షకులు అనుసరించు క్రమముననే దానిని పరీక్షించితిని.

మొదట తూచవలెను. నిజమైన 18650 ఘటము సాధారణముగా 45 గ్రాములకు అటునిటుగా తూగును; నాది 40 కూడ తూగలేదు. లోపల ఉండవలసిన చుట్ట అంతయు లేదని త్రాసే చెప్పినది. తరువాత ధనధ్రువమువద్ద నుండు చిన్న కాగితపు వలయమును చూడవలెను. గొట్టము ఒడలంతయు ఋణధ్రువమే. మొనయందు మాత్రమే ధనధ్రువము. ఆ రెంటి నడుమ దూరము గోటి మందమంత. దానిని కాచునది ఆ వలయమును ఆ పలుచని తొడుగును మాత్రమే. తొడుగు ఒకచోట చిరిగినను ఆ ఘటమును వాడరాదు. ఇట్లు చూచిన పిమ్మట మెల్లగా 4.2 వోల్టుల వరకు చార్జి చేసి, కొంతసేపు విశ్రమింపనిచ్చి, అర ఆంపియరుతో ఖాళీచేయుచు నిలువను కొలువవలెను. 9800 అని చెప్పుకొన్న నా ఘటమునుండి వచ్చినది 1100కు కొంచెము పైమాట.

అసలు పరీక్ష తరువాతిది. ఘటపు నడుమ ఉష్ణమాపకపు తీగను అంటించి, లావైన రాగితీగలతో భారమునకు, అనగా విద్యుత్తును లాగుకొను పరికరమునకు, కలుపుదురు. వోల్టేజిని కొలుచు తీగలను ప్రవాహము మోయు తీగలకు కలుపక, ఘటపు మొనలకే వేరుగా తాకింతురు. లేనిచో తీగలలో పోయిన వోల్టేజి ఘటపు తప్పుగా లెక్కకు వచ్చును. పది ఆంపియర్లతో నిండునుండి ఖాళీవరకు ఒకసారి, పదునైదుతో ఒకసారి, ఇరువదితో ఒకసారి, ఇట్లు మెట్లు మెట్లుగా ఎక్కుచు, ప్రతి మెట్టునను వోల్టేజి ఎంత కుంగినది, వేడి ఎంత పెరిగినది వ్రాసికొందురు. మంచి ఘటము తన హద్దులో నున్నపుడు వోల్టేజి తీరును తెలుపు గీత నున్నగా, వాలు నెమ్మదిగా సాగును. హద్దు దాటగానే ఆరంభముననే వోల్టేజి దిగ్గున పడును, వేడి 80 డిగ్రీల దారి పట్టును, మరల చార్జి చేసి చూడగా నిలువ కొంత తరిగియుండును. ఆ తరుగుదలయే ఘటము చెప్పు సాక్ష్యము: ఇంత పని నాచేత చేయింపకుడని. నా నల్లని ఘటము పది ఆంపియర్ల వద్దనే నిమిషమైనను నిలువలేకపోయినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. వేపింగ్ చేయువాడు మూడు నాలుగు క్షణములు పీల్చి ఆగును గదా, ఏడెనిమిది నిమిషములు ఆపకుండ ఖాళీచేసి చూచు పరీక్ష వానికేల? క్షణకాలపు ప్రవాహమును కొలిచి పల్స్ రేటింగు అని తొడుగుమీద వేసిన చాలదా? చాలదనియే నా నిశ్చితాభిప్రాయము. ఎన్ని క్షణములు నొక్కి ఎన్ని క్షణములు విడిచినపుడు కొలిచిన అంకె అది? అందుకు సర్వసమ్మతమైన నిర్వచనము లేదు. నిర్వచనము లేని అంకెను ఎంత పెద్దదిగనైనను వేసికొనవచ్చును. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. మీట జేబులో ఒరసికొని నొక్కుకొనిపోవచ్చును; లోపలి స్విచ్చి అతుక్కొనిపోవచ్చును. అప్పుడు ప్రవాహము ఆగదు. మనిషి గమనింపని ఆ ఏడెనిమిది నిమిషములకొరకే ఆగని ప్రవాహపు పరీక్ష.

పనితనపు పరీక్ష ఇది. ప్రాణరక్షణ పరీక్ష వేరు. మన పెద్దలు బంగారమును నాలుగు విధముల పరీక్షింపుమనిరి: గీటురాయిపై ఒరయుట, కోయుట, కాల్చుట, కొట్టుట. లిథియం ఘటమునకును దాదాపు ఆ నాలుగే చెప్పబడినవి. మేకును గ్రుచ్చి చూతురు. 130 డిగ్రీల పొయ్యిలో నుంచి చూతురు. ఐక్యరాజ్యసమితి రవాణా నియమములలో, ఘటముపై సన్నని ఉక్కు కమ్మీ నుంచి, 61 సెంటీమీటర్ల ఎత్తునుండి 9.1 కిలోల బరువును పడవేయుమని యున్నది. వేడి వాతావరణమున రెండు ధ్రువములను సూటిగా కలిపి షార్టు చేయుట మరియొక పరీక్ష. ఘటపు ఒడలు 170 డిగ్రీలను మించరాదు, తరువాత ఆరు గంటలలో పగులరాదు, మండరాదు. ఇవి చేయదగినవారు చేయవలసిన పరీక్షలు. ఈ ప్రసంగము వినుచున్న పిల్లలెవరైనను మేకును సుత్తిని వెదకబోకుడు. మండిన ఘటపు పొగలోని వాయువులు ఊపిరితిత్తులకు విషము.

పరీక్షకు హద్దు కూడ కలదు. ఇట్లు పరీక్షింపబడిన ఘటము మరల అమ్మకమునకు రాదు; అమ్మకమునకు వచ్చినది ఇట్లు పరీక్షింపబడినది కాదు; ఒకదానినుండి మరియొకదానికి మనము చేయునది అనుమానమే. 2006లో లాప్‌టాప్ బ్యాటరీలు లక్షలకొలది వెనుకకు పిలువబడుటకు కారణము, తయారీలో లోపలికి చేరిన సూక్ష్మ లోహరేణువులు. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోనులు కాలినపుడు, కారణము వెదకుటకు ఆ సంస్థ రెండు లక్షల ఫోనులను, ముప్పదివేల బ్యాటరీలను పరీక్షింపవలసి వచ్చినది. రెండు నమూనాలను తన బల్లపై ఖాళీచేసి చూచిన ఏకాకి పరీక్షకుడు అట్టి లోపమును కనుగొనజాలడు. కనుగొనగలనని మంచి పరీక్షకుడు చెప్పడు కూడ.

అమెరికా అగ్నిమాపక పరిపాలనా సంస్థ 2017లో ప్రచురించిన నివేదికలో, 2009 నుండి 2016 వరకు పత్రికలకెక్కిన ఈ-సిగరెట్ల అగ్నిప్రమాదములు, ప్రేలుళ్లు 195 అని లెక్కకట్టినారు. 133 మంది గాయపడిరి. అందు 38 మంది గాయములు తీవ్రమైనవి. నన్ను నిలిపివేసిన అంకె వేరొకటి: 61 ప్రమాదములు జేబులో జరిగినవి. పరికరమో, విడి ఘటమో జేబున నుండగా, తాళపుచెవియో చిల్లర నాణెమో ఆ గోటి మందపు దూరమును కలిపినచో చాలును. పరీక్షలలో మేటిగా నిలిచిన ఘటముకూడ దానిని తట్టుకొనలేదు. గట్టి ఘటమే అప్పుడు ఎక్కువ ప్రవాహము నిచ్చును. పది రూపాయల ప్లాస్టిక్ పెట్టె ఆ గాయములలో ఎన్నింటినో తప్పించియుండును గదా యని తలచినపుడెల్ల నాకు మనసు కలతపడును. ఘటములను చేయు పెద్ద సంస్థలే, ఇవి రక్షణ సర్క్యూటు గల బ్యాటరీ పెట్టెలలో అమర్చుటకు చేసినవిగాని విడిగా చేతికిచ్చుటకు చేసినవి కావని చెప్పుచున్నవి. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘము 2021 జనవరిలో విడి 18650 ఘటములను కొనవద్దని ప్రజలను హెచ్చరించినది.

దూరదేశపు గొడవ మనకేల యందురేమో. 2022 సెప్టెంబరు 12వ తేది రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల అమ్మకపు శాలనుండి లేచిన మంటలు, పొగ పైయంతస్తుల వసతిగృహమును కమ్ముకొనగా 8 మంది ప్రాణములు కోల్పోయిరి. దూరప్రయాణము చేసి వచ్చి గదులలో విశ్రమించినవారు వారు. లిథియం ఘటమును ఇంటిలోనికి తెచ్చుకొన్న మనకు దాని మర్యాదలు తెలియకుండుట ఇక చెల్లదని నాకు ఆనాడే తోచినది. ఆ యేడాది డిసెంబరునుండి విద్యుద్వాహనముల బ్యాటరీలకు మన ప్రభుత్వము పరీక్షలను కఠినతరము చేసినది. విడిగా అమ్ముడగు ఘటములకును భారత ప్రమాణముల సంస్థ నియమములు ఉన్నవి. కాని సందుగొందులలో క్రొత్త తొడుగుతో మెరయు పాత ఘటమును ఆ నియమము పోయి పట్టుకొనునంతలో, అది ఎవరి పిల్లవాని పవర్‌బ్యాంకులోనో చేరియుండును.

నా నల్లని ఘటమును చివరకు ఏమి చేసితినో చెప్పి సెలవు తీసికొందును. దానిని పూర్తిగా ఖాళీచేసి, పింగాణి కత్తితో తొడుగును మెల్లగా కోసి చూచితిని. లోపలి ఉక్కు గొట్టముపై తయారీదారులు చెక్కు సంకేతములేవియు లేవు. అడుగున మాత్రము వేరొక బ్యాటరీ మూటలో పూర్వము అతికియుండిన వెల్డింగు మచ్చలు రెండు, ఇసుకకాగితముతో రుద్ది చెరిపివేసినను చెరుగక, కనబడుచుండెను. రెండు మొనలకును అంటు పట్టీ వేసి, పొడి ఇసుక నింపిన మట్టిపాత్రలో కొన్ని దినములుంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి అప్పగించితిని. తొడుగును మాత్రము నా బల్లసొరుగులో దాచియుంచితిని. దానిపై 9800 అను అంకె ఇప్పటికిని బంగారు వన్నెతో చెక్కుచెదరకున్నది.